ఆగిన తీరే ఆనవాలు

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ రోడ్లకు రాత్రీ పగలూ ఒకటే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ట్రాక్టర్ల మీదా డీసీఎంల మీదా మిల్లులకు చేరుతుంటాయి. మిల్లుల నుంచి బియ్యం, నూకలు, తవుడు బయల్దేరుతుంటాయి. వీటి మధ్య చిన్న లోడ్లన్నీ మోసేవి పికప్ బండ్లు. నకిరేకల్ నిమ్మకాయలు, తోటల నుంచి బత్తాయిలు, పాల క్యాన్లు, వాడపల్లి వైపు నుంచి సిమెంటు బస్తాలు, పెళ్లింటి వంటసామాను, ఏదైనా సరే. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా వచ్చే 167వ నంబరు జాతీయ రహదారి మీద, సూర్యాపేట రోడ్డు మీద, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఏ వేళలో చూసినా ఇవి కనిపిస్తాయి. చాలావాటికి డ్రైవరే ఓనరు. ఫైనాన్సు కిస్తీ నెలనెలా కట్టాలి. బండి ఒక పూట ఆగితే ఆ పూట కిరాయి పోతుంది. లోడు పాలో కూరగాయలో అయితే సరుకూ పోతుంది.

అలాంటి బండి మే నెల మిట్టమధ్యాహ్నం నడుస్తూ నడుస్తూ బంద్ పడింది అనుకుందాం. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. డ్రైవరు మళ్లీ కొడతాడు, మళ్లీ కొడతాడు. పది నిమిషాల్లో బ్యాటరీ దిగిపోతుంది. అప్పటిదాకా ఒక్క జబ్బుతో ఉన్న బండికి ఇప్పుడు రెండు జబ్బులు.

అనుభవమున్న మేస్త్రీకి ఫోన్ చేస్తే ముందు పార్టుల పేర్లు చెప్పడు. "ఎట్ల బంద్ అయిందన్నా? గుంజుకుంట గుంజుకుంట ఆగిందా, టక్కున ఆగిందా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నలో చాలా విజ్ఞానం ఉంది. ఇంజన్ ప్రాణం పోయే తీరు దాని ప్రాణం ఎక్కడ పోయిందో చెబుతుంది. తాళం తీసేసినట్టు ఒక్క క్షణంలో ఆగితే అనుమానం కరెంటు మీదికి, సెన్సార్ల మీదికి వెళ్లాలి. ముందు దమ్ము తగ్గి, గుంజి, వణికి, కాసేపు కొట్టుమిట్టాడి ఆగితే అనుమానం డీజిల్ మీదికి. చప్పుడు చేసి ఆగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయాక ఆగినా అది ఇంజన్ ఒళ్లు దెబ్బతిన్న గుర్తు. ఆ మొదటి రెండు మూడు సెకన్లలో డ్రైవరు చూసినది, విన్నది తర్వాత ఏ స్కానరూ చూపించలేదు. అందుకే బండి ఆగిన వెంటనే చేయాల్సిన మొదటి పని, పక్కకు తీసిన తర్వాత, ఆ మూడు సెకన్లను గుర్తుకు తెచ్చుకోవడం.

డీజిల్‌కు మంట ఎవరు పెడతారు?

పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో అది లేదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ 16 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకు నొక్కుతుంది. అలా నలిగిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణానికి నాజిల్ నుంచి డీజిల్ మంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నడిపి చూపించిన ఇంజన్ సూత్రం ఇదే. ఆయనకు ఎక్కువ కష్టం తెచ్చింది మంట పుట్టించడం కాదు, నలిగిన గాలిలోకి ఇంధనాన్ని నెట్టడం. మొదట్లో ఆ పనికి వేరే కంప్రెసర్ పెట్టి గాలి ఒత్తిడితో చిమ్మించేవారు. బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజన్ లారీల్లోకి సులువుగా ఎక్కింది.

కాబట్టి డీజిల్ బండి స్టార్ట్ కావాలంటే మూడు జరగాలి. ఇంజన్ కనీసం నిమిషానికి 150, 200 చుట్లన్నా తిరగాలి. గాలి గట్టిగా నలగాలి. డీజిల్ తగినంత ఒత్తిడితో, సరైన క్షణానికి పడాలి. ఆగిన బండిలో ఈ మూడింటిలో ఒకటి లేదు. ఏది లేదో కనుక్కోవడమే మొత్తం పని.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడి చూడాలి. తెల్లని పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి పోతోంది, కాలడం లేదు. ఏ పొగా రాకపోతే డీజిల్ అసలు పడటమే లేదు. ఈ ఒక్క చూపుతో వెతకాల్సిన చోట్లు సగమవుతాయి. చాలామంది బానెట్ దగ్గరే ఉండిపోతారు, వెనక్కి వెళ్లి చూడరు.

పాత మెకానికల్ పంపు బండ్లలో ఒకసారి ఇంజన్ అందుకుందంటే కరెంటుతో దానికి పెద్దగా పని ఉండేది కాదు. పంపు మీద ఒక స్టాప్ సోలనాయిడ్ ఉండేది. తాళం తిప్పగానే 12 వోల్టులు అంది, లోపలి పిన్ను పైకి లేచి డీజిల్‌కు దారి వదిలేది. దాని వైరు ఊడితే బండి టక్కున ఆగేది. తాళం ఆన్ చేసి చెవి పెడితే "టక్" మని వినపడాలి. వినపడకపోతే వైరు చూడాలి. ఆ పాత బండ్లు ఇంకా చాలా తిరుగుతున్నాయి. వాటికి ఈ పరీక్ష చాలు.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కథ మారింది. పొగ తగ్గాలంటే డీజిల్ సన్నగా, కచ్చితంగా, ఒక్కో దహనానికి రెండు మూడు విడతలుగా పడాలి. అందుకు కామన్ రైల్ పద్ధతి తప్పనిసరి అయింది. పంపు డీజిల్‌ను రైల్ అనే ఒక గట్టి గొట్టంలో నింపి, 1,600 బార్ల వరకు, కొన్ని ఇంజన్లలో అంతకు మించి నొక్కి ఉంచుతుంది. పికప్ వెనక టైరులో ఉండే గాలి ఒత్తిడి నాలుగైదు బార్లే. ఇంజెక్టర్లను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 100 సార్లు దహనం జరుగుతుంది. క్రాంక్ షాఫ్ట్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో పద్దెనిమిది వేలవ వంతు. పిస్టన్ ఎక్కడుందో తెలియకుండా ఈ లెక్క సాగదు.

వేడికి ఆగి, చల్లబడితే లేచే బండి

ఆ సమాచారం ఇచ్చేది క్రాంక్ సెన్సార్. వేలెడంత ఉంటుంది. ఇంజన్ కింది భాగంలో పళ్ల చక్రానికి ఎదురుగా, దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంలో బిగించి ఉంటుంది. చాలా ఇంజన్లలో ఆ చక్రానికి 60 పళ్లు వేసి, గుర్తు కోసం రెండు తీసేస్తారు. పాత రకం సెన్సార్‌లో అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. ఈసీయూ ఆ తరంగాలు లెక్కపెడుతుంది. పన్ను లేని ఖాళీ రాగానే షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో దానికి తెలుస్తుంది.

మన ఎండకు ఎక్కువగా బలయ్యేది ఈ తీగే. మే నెలలో నల్లగొండ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలు. బానెట్ కింద వేడి నూరు డిగ్రీల దగ్గర ఉంటుంది. నూరు డిగ్రీలు వేడెక్కితే రాగి తీగ నిరోధం సుమారు 40 శాతం పెరుగుతుంది. అంతవరకు ఇబ్బంది లేదు, దాన్ని లెక్కలోకి తీసుకునే తయారు చేస్తారు. ఇబ్బంది ఏమిటంటే, ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లబడుతూ ఉంటే తీగలో, టంకం దగ్గర కంటికి కనిపించని పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పగులు అంచులు తాకుతూ ఉంటాయి. వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్కూ రాగీ వేర్వేరు మోతాదుల్లో సాగుతాయి. అంచులు విడిపోతాయి. తరంగం ఆగిపోతుంది. పిస్టన్ ఎక్కడుందో తెలియని ఈసీయూ డీజిల్ ఆపేస్తుంది. బండి టక్కున ఆగుతుంది. ముందు వణుకు లేదు, గుంజుడు లేదు.

ఆగాక స్టార్ట్ కాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ రకం సెన్సార్‌లో పుట్టే వోల్టేజి చక్రం వేగాన్ని బట్టి ఉంటుంది. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర బలంగా పుట్టే తరంగం, సెల్ఫ్ తిప్పే 200 చుట్ల దగ్గర దాదాపు పన్నెండో వంతుకు పడిపోతుంది. బలహీనపడిన సెన్సార్ పరుగులో ఎలాగోలా నెట్టుకొస్తుంది గానీ, సెల్ఫ్ వేగంలో ఈసీయూకు వినిపించదు. పైగా ఇంజన్ ఆగిందంటే రేడియేటర్ ఫ్యాను ఆగుతుంది, నీళ్ల ప్రవాహం ఆగుతుంది, ఎదురుగాలి ఆగుతుంది. దిమ్మెలో ఉన్న వేడి బయటికి పాకి, మొదటి పది ఇరవై నిమిషాలు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. డ్రైవరు ఆపకుండా సెల్ఫ్ కొట్టేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే. అరగంట, ముప్పావుగంట గడిచాక చెట్టు కింద కూర్చున్నవాడు లేచి వచ్చి తాళం తిప్పితే బండి ఏమీ జరగనట్టు అందుకుంటుంది. దయ్యం పట్టిందని, ఏదో దిష్టి తగిలిందని అనుకునే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే.

దీన్ని రోడ్డు మీదే పసిగట్టవచ్చు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్లో ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో ఆ ముల్లు ఈ సెన్సార్ మాటనే వింటుంది. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంటే అనుమానం బలపడుతుంది. తాళం తీసి, సెన్సార్ అందే చోట ఉంటే తడిగుడ్డ దాని మీద కొద్దిసేపు వేసి, గుడ్డ తీసేసి మళ్లీ కొట్టి చూస్తారు. అప్పుడు అందుకుంటే దొంగ దొరికినట్టే. స్కానర్ పెడితే పీ0335 అనే కోడ్ రావచ్చు. ఓమ్ మీటరుతో తీగను కొలిచేవారు ఒక సంగతి మరచిపోకూడదు: చల్లారాక కొలిస్తే బాగానే చూపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడే కొలవాలి. ఇలాంటి తీగ చుట్ట లేని కొత్త రకం హాల్ సెన్సార్లకు ఈ కొలత పనిచేయదు.

సెన్సార్ మార్చే ముందు దాని వైరును వేళ్లతో తడిమి చూడాలి. మిర్యాలగూడలాంటి చోట ఇది మరీ ముఖ్యం. వడ్లూ బియ్యమూ మోసే బండ్ల బాడీలో గింజలు రాలి ఉంటాయి. రాత్రి మిల్లు ఆవరణలో ఆపితే ఎలుకలు చేరతాయి. గింజలు తిని ఊరుకోవు, వెచ్చగా ఉన్న ఇంజన్ మీదికెక్కి వైర్లు కొరుకుతాయి. సగం తెగిన వైరు రోడ్డు కుదుపుకు ఎక్కడో ఒకచోట పూర్తిగా విడిపోతుంది. వేల రూపాయల సెన్సార్ మార్చినా బండి మళ్లీ ఆగుతుంది.

టక్కున ఆగిన బండిలో ఫ్యూజులు, మెయిన్ రిలే కూడా చూడాలి. ఫ్యూజు బాక్సు మూత లోపల బొమ్మ ఉంటుంది. హారన్‌కో లైట్లకో అదే నంబరున్న రిలే ఉంటే మెయిన్ రిలే స్థానంలో పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. ఫ్యూజు ఎగిరితే అంతే ఆంపియర్లది వేయాలి. దాని బదులు రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు పెట్టడం వల్ల వైరింగే కాలిపోతుంది. మీటర్లో తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే, దొంగతనం జరగకుండా చూసే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టడం లేదని అర్థం. రెండో తాళం చెవితో ప్రయత్నించాలి.

గుంజి గుంజి ఆగితే

ఇది డీజిల్ దారి. ట్యాంకు నుంచి మొదలుపెట్టాలి, ఇంజన్ నుంచి కాదు.

మొదట ట్యాంకు మూత తీయండి. తీయగానే గాలి లోపలికి "స్‌స్" మని పీల్చుకున్న చప్పుడు వస్తే జబ్బు అక్కడే. నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పెడితే నూనె ధార ఆగి ఆగి పడుతుంది, గాలి పోవడానికి రెండో చిల్లు కావాలి. ట్యాంకుకూ అంతే. డీజిల్ బయటికి పోయేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోనో పక్క గొట్టంలోనో అందుకు సన్నని దారి ఉంటుంది. మిల్లుల దగ్గర గాలిలో తవుడు పొడి, ఊక నుసి ఎప్పుడూ ఉంటాయి. డీజిల్ జిడ్డుకు అవి అంటుకుని ఆ దారి పూడుతుంది. బండి పది ఇరవై కిలోమీటర్లు బాగానే పోతుంది, ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ పంపు డీజిల్ లాగలేక దమ్ము పోతుంది. ఆగి కాసేపుంటే ఎలాగో గాలి చొరబడి మళ్లీ స్టార్ట్ అవుతుంది. మూత శుభ్రం చేస్తే పోయే ఈ జబ్బుకు పంపులు విప్పించుకున్నవారున్నారు.

రెండోది ఫిల్టర్. అది మూసుకుంటే చదును రోడ్డు మీద బండి బాగానే పోతుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో పడిపోతుంది. ఎందుకంటే అప్పుడే డీజిల్ ఎక్కువ కావాలి. ఫిల్టర్ కిందనే నీళ్లు పట్టే గిన్నె ఉంటుంది. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు, లీటరు నీళ్లు కిలో. కలిసిన నీళ్లు అడుగుకు దిగుతాయి. వానాకాలం డ్రమ్ముల్లో, డబ్బాల్లో తెచ్చి పోసే డీజిల్‌లో నీళ్లు ఉండే అవకాశం చాలా ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా నిలిచిన బండిలో గాలిలోని తేమ లోపలి గోడల మీద చెమ్మగా మారి దిగుతుంది. డీజిల్‌కూ నీళ్లకూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట తయారవుతుంది. ఆ జిగట ఫిల్టర్‌ను మూసేస్తుంది. గిన్నె కింది మర తిప్పి గాజుసీసాలోకి కొద్దిగా దింపి చూస్తే నీళ్లు కంటికి కనిపిస్తాయి. ఇంత సులువైన పరీక్షను నెలకోసారి చేసే డ్రైవరుకు ఇంజెక్టర్లు ఏళ్లు మన్నుతాయి.

మూడోది గాలి పట్టడం. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే గొట్టంలో చాలా బండ్లలో డీజిల్ పీల్చుకోబడుతుంది, నెట్టబడదు. అక్కడ క్లిప్పు వదులైనా, రబ్బరు గొట్టం పగిలినా డీజిల్ బయటికి కారదు. గాలి లోపలికి దూరుతుంది. అందుకే కింద తడి కనిపించదు, అందరూ "లీకేజీ లేదు" అనుకుంటారు. డీజిల్‌ను నొక్కితే దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. పంపులో గాలి చేరితే పంపు పనంతా గాలిని నొక్కడానికే పోతుంది, ఒత్తిడి పుట్టదు. ఫిల్టర్ మీదున్న ప్రైమర్ బొడిపెను చేత్తో నొక్కి, గట్టిపడేదాకా నొక్కుతూ ఉంటే గాలి పోతుంది. గట్టిపడకపోతే గాలి ఎక్కడి నుంచో దూరుతూనే ఉందని అర్థం.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత బండ్లలో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి గాలి తీసేవారు. కామన్ రైల్ బండ్లలో ఆ పని ఎప్పుడూ చేయకూడదు. ఆ ఒత్తిడిలో సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చుబడుతుంది. అది ఆపరేషన్ చేయాల్సిన గాయం, గంటలు ఆలస్యమైతే వేలో చేయో తీసేయాల్సి రావచ్చు. షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లకు ఈ ఒక్క మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పి తీరాలి.

కల్తీ గురించీ చెప్పాలి. కామన్ రైల్ పంపుకు వేరే నూనె పోయరు. డీజిలే దాని కందెన. బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్‌ను పది లక్షల్లో 50 వంతుల నుంచి 10 వంతులకు తగ్గించారు. సల్ఫర్ తీసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా తగ్గుతుంది, దాన్ని రసాయనాలు కలిపి తిరిగి సరిచేస్తారు. అందులో కిరోసిన్ కలిస్తే ఆ జారుడు మళ్లీ పోతుంది. పంపు లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, రాలిన రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. లీటరుకు నాలుగు రూపాయలు మిగిలాయని ఊళ్లో డబ్బాల్లో కొన్న డీజిల్ పంపునూ నాలుగు ఇంజెక్టర్లనూ మార్పించవచ్చు. ట్యాంకు పూర్తిగా ఎండేదాకా నడపడం కూడా ఇలాంటి నష్టమే తెస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు మాత్రమే స్టార్ట్ కాని బండికి సెన్సార్ కాక ఇంకో ముద్దాయి ఉన్నాడు. వేడికి డీజిల్ పలచబడుతుంది. అరిగిన ఇంజెక్టర్ల సందుల్లోంచి అది రిటర్న్ పైపులోకి జారిపోతుంది. సెల్ఫ్ వేగంలో పంపు పుట్టించే కొద్దిపాటి డీజిల్ అంతా అలా పోతే, ఇంజెక్టర్లు తెరవడానికి కావలసిన కనీస ఒత్తిడి, చాలా ఇంజన్లలో 200 బార్ల దరిదాపు, రైల్‌లో నిలవదు. చల్లారితే డీజిల్ చిక్కబడి మళ్లీ అందుకుంటుంది. రెండింటికీ తేడా ఒక్కటే: సెన్సార్ పోతే పరుగులో ఉన్న బండి ఆగుతుంది. ఇంజెక్టర్లు అరిగితే సాధారణంగా పరుగులో ఆగదు, డ్రైవరు తానుగా ఆపాక మళ్లీ లేవదు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి ఏది ఎక్కువ కారుస్తోందో చూసే పరీక్ష ఉంది. నాలుగూ మార్చమనే ముందు ఈ పరీక్ష చేయమని అడిగే హక్కు బండి ఓనరుకు ఉంది.

సెల్ఫే తిరగకపోతే

"లైట్లు బాగానే వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగానే ఉంది" అనే మాట రోజూ వినిపిస్తుంది. అది తప్పు. హెడ్‌లైటు ఒక్కటి నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. సెల్ఫ్ మోటరు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర తుప్పు వల్ల ఓములో నూరో వంతు నిరోధం చేరిందనుకోండి. ఐదు ఆంపియర్లకు అక్కడ పోయే వోల్టేజి 0.05, లైటుకు తెలియనే తెలియదు. 200 ఆంపియర్లకు పోయేది 2 వోల్టులు. సెల్ఫ్ గొణిగి ఊరుకుంటుంది, ఈసీయూ నిద్రపోతుంది. తెల్లని బూజు గోకి, నట్లు బిగించి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైరును కూడా శుభ్రం చేస్తే చాలాసార్లు బండి లేస్తుంది.

నడుస్తూ ఆగి, ఆ తర్వాత సెల్ఫ్ కూడా తిరగకపోతే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వడం ఎప్పుడో మానేసి ఉండవచ్చు. నడిచే ఇంజన్ మీద బ్యాటరీ దగ్గర 14 వోల్టులకు అటూ ఇటూ ఉండాలి. ఆగే ముందు లైట్లు మసకబారాయా, మీటర్లో బ్యాటరీ బొమ్మ వెలిగిందా అన్నది డ్రైవరే చెప్పాలి. అలాంటి బండిని తోసి స్టార్ట్ చేసినా కామన్ రైల్ ఇంజన్ అయితే ఎంతో దూరం పోదు, ఎందుకంటే ఈసీయూకు కరెంటు కావాలి.

సెల్ఫ్ మామూలు కంటే తేలికగా, గిర్రున తిరిగితే వెంటనే ఆపాలి. టైమింగ్ బెల్టో చైనో తెగి ఉండవచ్చు. ఇంకా కొడితే పిస్టన్లు వాల్వులను వంచేస్తాయి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటాక ఆగిన బండికి కూడా సెల్ఫ్ కొట్టకూడదు, రేడియేటర్ మూత తీయకూడదు. ఆ మూత ఒత్తిడి వల్లే లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణం అవి ఒక్కసారిగా ఆవిరై మీదికి ఎగజిమ్ముతాయి. ఊక నుసి రేడియేటర్ రెక్కల మధ్య పేరుకునే మన ప్రాంతంలో సీజన్‌కు రెండుసార్లయినా లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించి కడగాలి.

ఏ కారణమైనా సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి పట్టుకోవద్దు. ఆ పది సెకన్లూ మోటరు రెండు కిలోవాట్ల విద్యుత్తును మింగుతుంది. రెండోసారికి ముందు అర నిమిషమైనా ఆగాలి. మూడుసార్లకు అందుకోని ఇంజన్ ముప్పైసార్లకు అందుకోదు.

పార్టు మార్చి చూద్దామనే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మన ప్రాంతపు మేస్త్రీల చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. కానీ కామన్ రైల్ వచ్చాక చప్పుడు ఒక్కటే సరిపోదు, కొలత కావాలి. స్కానర్ చూపే కోడ్ కూడా తీర్పు కాదు. పీ0087 అని వస్తే రైల్ ఒత్తిడి తక్కువని మాత్రమే అర్థం. ఆ తక్కువకు కారణం పంపు కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు, మూసుకున్న ఫిల్టర్ కావచ్చు, ట్యాంకు మూత కూడా కావచ్చు. కోడ్ చూసి పంపు మార్చడమంటే జ్వరం చూసి ఆపరేషన్ చేయడమే. ఖర్చు లేనిది ముందు, తక్కువ ఖర్చుది తర్వాత, ఖరీదైనది చివర. ఈ వరుస తప్పితే నష్టపోయేది కిస్తీ కట్టే డ్రైవరే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున కోదాడ దగ్గర, హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద, ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొని ఆరుగురు చనిపోయారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీద కాలు పెట్టేలోగా రెండు సెకన్లు, 44 మీటర్లు. ఆ తర్వాత ఆగడానికి మరో 50 మీటర్లు, లోడు లారీ అయితే ఇంకా ఎక్కువ. చీకట్లో ఆగిన బండి వెనక పది అడుగుల్లో రాయి పెట్టి, చెట్టుకొమ్మ గుచ్చితే అది ఎవరినీ కాపాడదు.

ఇంజన్ ఆగిందని తెలిసిన క్షణం బండికి ఇంకా వేగం మిగిలి ఉంటుంది. బ్రేకు, స్టీరింగ్ బరువెక్కుతాయి గానీ పనిచేస్తాయి. తాళం పూర్తిగా తీయకుండా, ఆ వేగంతోనే తారు దిగి పక్కకు రండి. నాలుగు ఇండికేటర్లు వేయండి. ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణాన్ని వంద మీటర్ల వెనక పెట్టండి. బ్యాటరీ దిగిపోయేలా సెల్ఫ్ కొట్టకూడదనడానికి ఇది అసలు కారణం: ఆ లైట్లు వెలగాలంటే బ్యాటరీ కావాలి. బండికీ రోడ్డుకూ మధ్య నిలబడి పనిచేయవద్దు, బండి వెనక పడుకోవద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కు, మిగతా రోడ్ల మీదైతే 112కు ఫోన్ చేయండి. త్రికోణం బండిలో లేకపోతే ఈ వారమే కొని సీటు కింద పెట్టుకోండి, ఆ రెండు నంబర్లనూ డ్యాష్‌బోర్డు మీద రాయించుకోండి.